మోకాలి నొప్పి, హైదరాబాద్ మారథాన్: సమాధానం
బ్రదర్, ఎనిమిదో కిలోమీటరు నుంచి మోకాలి బయటివైపు నొప్పి, ఫ్లైఓవర్ దిగేటప్పుడు మరీ ఎక్కువ, కాలి ముందు ఎముక కూడా సలుపుతోంది, ఫుల్ మారథాన్‌కి మూడు వారాలే ఉంది అన్నారు.

ముందు ఆ ఎముక సంగతి చూడండి. ఒక్క వేలితో ఎముక వెంబడి నొక్కుతూ రండి. జానెడు పొడవునా నొప్పి ఉంటే షిన్ స్ప్లింట్స్ (పరుగు ఎక్కువై ముందు ఎముక వెంబడి వచ్చే నొప్పి) కావచ్చు. రూపాయి బిళ్లంత చోటే ప్రాణం లాగేస్తుంటే పరుగు ఆపేసి ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి. అది స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే ఒత్తిడి పడి ఎముకలో వచ్చే సన్నటి పగులు) కావచ్చు, మొదట్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, ఎంఆర్‌ఐ అవసరం పడొచ్చు. అదే అని తేలితే ఈ ఏడాది బిబ్ (రేసు నంబరు చీటీ) బీరువాలోనే.

మోకాలిది ఐటీ బ్యాండ్ (తొడ బయటివైపు మోకాలి దాకా ఉండే గట్టి పట్టీ) నొప్పిలా ఉంది. నేనూ దాంతో వేగినవాణ్ణే, మెట్లు దిగాలంటే గోడ పట్టుకునేవాణ్ణి. నాకు పనిచేసింది కండరాల మీద దొర్లించే ఫోమ్ రోలర్ కాదు (అది కొని వెయ్యి రూపాయలు తగలేశాను). పక్కకి పడుకుని పై కాలు నెమ్మదిగా ఎత్తి దించడం, పరుగులో అడుగు కురచ చేయడం. ఇక లాంగ్ రన్‌లు వద్దు, నొప్పి రాకపోతే సైకిలో ఈతో చాలు.

రేసు రోజు ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పరుగెత్తండి, దిగేటప్పుడు నడవండి. అందరూ ఉల్టా చేస్తారు, చేయనీయండి. ఆగస్టు ఉక్కలో నొప్పి బిళ్ల ఐబుప్రొఫెన్ మాత్రం మింగి పరుగెత్తకండి, ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు అది కిడ్నీల మీద పడుతుంది. కుంటడం మొదలైతే ఆగిపోండి. హాఫ్ మారథాన్‌కి మార్చుకునే వీలుందేమో నిర్వాహకులని ఇవాళే అడగండి.