గడిలో గడి: ఒక యువ రచయిత్రికి లేఖ

తిరుపతి

అమ్మా,

గంగజాతర మీద నువ్వు రాస్తున్న పుస్తకం ఫైల్ చదివాను. రాత గురించి ఇంకో జాబు రాస్తాను. ఇప్పుడు నీకు టెన్షన్ పెడుతున్న పట్టిక సంగతి, అదే, జాతరలో ఏ రోజు ఏ వేషమో, ఒంటికి ఏ పూతో, దాని వెనక ఏ నమ్మకమో చెప్పే పట్టిక. "టేబుల్ లోపల టేబుల్ పెడితే కాలమ్‌లు నా మాట వినడం లేదు, ఒకటి సర్దితే ఇంకోటి చెడుతోంది" అన్నావు. ఇది డీటీపీ వాళ్ల (కంప్యూటర్లో పేజీలు కట్టేవాళ్ల) పని, మనకెందుకు అనే రచయితలు చాలామందే ఉన్నారు. నేను ఒప్పుకోను. ఏ వివరం పక్కన ఏది ఉండాలో, దేనికెంత చోటివ్వాలో తేల్చడం కూడా రాయడమే.

ఎందుకట్లా అవుతోందో ముందు చూడు. వర్డ్‌లో కొత్త టేబుల్ పెడితే, అందులోని మాటలను బట్టి కాలమ్ వెడల్పు మారే ఏర్పాటు మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. మన తెలుగులో పొడుగాటి సమాసాలకు కొదవా? లోపలి గడిలో "విశ్వరూపదర్శనం" అని కొట్టావనుకో, ఆ మాట పట్టేదాకా కాలమ్ సాగుతుంది. లోపలి టేబుల్ సాగితే దాన్ని మోస్తున్న బయటి గడీ సాగుతుంది, దాని పక్క కాలమ్ నలుగుతుంది. నువ్వు మౌస్‌తో లాగి సర్దిందంతా తర్వాతి మాట కొట్టగానే మళ్లీ మొదటికొస్తుంది.

అందుకని బయటి నుంచి లోపలికి రా. బయటి టేబుల్‌లో కర్సర్ పెట్టి టేబుల్ ప్రాపర్టీస్‌లో ఆప్షన్స్ తెరిచి, ‘ఆటోమేటికల్లీ రీసైజ్ టు ఫిట్ కంటెంట్స్’ దగ్గర టిక్ తీసేయ్. తర్వాత కాలమ్ ట్యాబ్‌లో ఒక్కో కాలమ్‌కూ సెంటీమీటర్లలో కొలత ఇవ్వు. అదయ్యాక లోపలి టేబుల్‌కూ టిక్ తీసి, దాని మొత్తం వెడల్పు 100 శాతం అని పెట్టు. ఆ శాతాన్ని వర్డ్ లెక్కగట్టేది పేజీని బట్టి కాదు, ఆ టేబుల్ కూర్చున్న గడిని బట్టి.

కర్సర్ లోపలి టేబుల్‌లో ఉంటే ప్రాపర్టీస్ కూడా లోపలిదానివే తెరుచుకుంటాయి. చాలామంది తికమకపడేది ఇక్కడే. బయటిదాన్ని పట్టుకోవాలంటే, లోపలి టేబుల్ కింద అదే గడిలో ఒక ఖాళీ లైను ఉంటుంది చూడు, అక్కడ క్లిక్ చెయ్. ఎంత డిలీట్ కొట్టినా ఆ లైను పోదు. వర్డ్‌లో ప్రతి గడీ ఒక పేరాతో ముగియాల్సిందే. కంటికి అడ్డంగా ఉంటే దాని అక్షరం సైజు 1 పాయింట్ చేసి, పేరాకు పైనా కిందా ఖాళీ సున్నా పెట్టు.

మౌస్‌తోనే లాగుతానంటే, ఏ గడీ సెలెక్ట్ అయి లేదని ముందు చూసుకో. సెలెక్ట్ అయి ఉంటే ఆ ఒక్క గడి గీతే జరిగి, పట్టిక అలిపిరి మెట్లలా తయారవుతుంది. షిఫ్ట్ నొక్కి లాగితే పక్క కాలమ్ నలగదు కానీ టేబుల్ మొత్తం వెడల్పు మారుతుంది. బయటి టేబుల్‌తో ఆ పని వద్దు, మార్జిన్ దాటిపోతుంది. వర్డ్ బదులు లిబ్రెఆఫీస్ రైటర్‌లో అయితే అలైన్‌మెంట్ ‘ఆటోమేటిక్’లో ఉన్నంతసేపు వెడల్పు మార్చనివ్వదు, ‘లెఫ్ట్’ అని పెట్టాకే కొలత తీసుకుంటుంది.

ఇప్పుడు అసలు మాట. నువ్వు పట్టిక గీసింది ఏ4 మీద. దాని వెడల్పు 21 సెంటీమీటర్లు, రెండు పక్కలా 2.54 మార్జిన్ పోతే 15.92. ‘రోజు’ కాలమ్‌కు 3 ఇస్తే రెండోదానికి 12.92. ప్రతి గడిలో ఎడమ 0.19, కుడి 0.19 వర్డ్ తనే ఖాళీ వదులుతుంది కాబట్టి లోపలి టేబుల్‌కు దక్కేది 12.54. వేషం, పూత, నమ్మకం, మూడూ హాయిగా పడతాయి. కానీ నీ పుస్తకం డెమ్మీ సైజులో వస్తోంది కదా? దాని వెడల్పు ఐదున్నర అంగుళాలు, అంటే సుమారు 14 సెంటీమీటర్లు. రెండు పక్కలా రెండేసి సెంటీమీటర్ల మార్జిన్ పోతే 10. రోజుకు 2 ఇచ్చినా లోపలికి మిగిలేది 7.62, ఒక్కో కాలమ్‌కు రెండున్నర. అందులో మళ్లీ వాటి ఖాళీలు! 11 పాయింట్ అక్షరాల్లో వరుసకు ఒకటి రెండు మాటలు పడితే గొప్ప. గడి సాగకుండా కట్టేశావు కాబట్టి ఇక మాటే విరుగుతుంది.

కాబట్టి నీ పట్టికకు లోపలి టేబుల్ వద్దేవద్దు. బైరాగి వేషానికి నామంకొమ్ము (తెల్లసుద్ద), బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం. రోజు, వేషం, పూత అని ఒకే టేబుల్ చాలు. నమ్మకం కాలమ్ తీసి కథనంలోకి తెచ్చెయ్. పాలెగాణ్ని వెతుక్కుంటూ గంగమ్మ మారువేషాల్లో తిరిగిందనే కథను రెండున్నర సెంటీమీటర్లలో ఇరికించాలని నీకెట్లా అనిపించిందమ్మా?

ప్రెస్‌కు పంపేటప్పుడు పీడీఎఫ్ కూడా జత చెయ్. నీ దగ్గరున్న గౌతమి ఫాంటు వాళ్ల కంప్యూటర్లో లేకపోతే వేరేది వచ్చి కూర్చుంటుంది, లైన్లన్నీ మారతాయి. ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో, పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో చేసేవాళ్లయితే వర్డ్ టేబుల్ అక్కడికి ఉన్నదున్నట్టు రాదు, మళ్లీ కట్టాల్సిందే. ముందే అడిగి తెలుసుకో.

ఇంకొకటి. మాతంగి వేషం దగ్గర రెండే రెండు మాటలు రాసి వదిలేశావు. గడి చాలక కుదించినట్టున్నావు. టేబుల్ మార్చాక దాని మీద ఒక పేజీ రాసి, దాంతోపాటే పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు