మిద్దె మీద బాడుగ గదికి విండో ఏసీనా, స్ప్లిట్టా?

తిరుపతిలో పైఅంతస్తులో 10×12 అడుగుల గది, బాడుగ ఇల్లు, రాత్రి ఎనిమిది గంటలు మాత్రమే వేస్తాం, ఏది తీసుకోవాలి అని అడిగారు. కొర్లగుంటలో మేమూ ఇలాంటి గదిలోనే ఏళ్ల తరబడి ఉన్నాం. కూలర్, విండో, స్ప్లిట్ మూడూ వాడాం. రెండేళ్లైనా అదే ఇంట్లో ఉంటారనుకుంటే 1.5 టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్ తీసుకోండి. ఏడాదికో ఇల్లు మారే పనైతే విండో చాలు.

120 చదరపు అడుగులకు 1 టన్ను సరిపోతుందని షాపులో చెబుతారు. కింది అంతస్తుకైతే అది నిజమే. మీకు నెత్తిన స్లాబే ఉంది. మే నెలలో రాత్రి పది గంటలకు స్టూలెక్కి పైకప్పుకు చెయ్యి ఆనించి చూడండి, పెనం దించి పక్కన పెట్టినట్టు ఉంటుంది. మా 1 టన్ను మామూలు స్ప్లిట్‌కు అర్ధరాత్రి దాటినా కంప్రెసర్ ఆగేది కాదు.

కూలర్ ఏప్రిల్‌లో గాలి పొడిగా ఉన్నప్పుడు బాగానే పనిచేసింది. సాయంత్రం వాన పడిందంటే మాత్రం ఒళ్లంతా జిగట, దుప్పట్లు కూడా చెమ్మగిల్లేవి.

విండోలో అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి కాబట్టి ఇద్దరు మనుషులు ఎత్తుకుపోయి ఇంకో కిటికీలో పెట్టేయొచ్చు, గ్యాస్ పైపుల గొడవ లేదు. శబ్దమే ఇబ్బంది. కంప్రెసర్ ఆన్ అయిన ప్రతిసారీ మా అమ్మ ఉలిక్కిపడి లేచేది. ఇన్వర్టర్ అలా ఆగి మొదలవదు, గది చల్లబడ్డాక వేగం తగ్గించుకుని నడుస్తూనే ఉంటుంది. కరెంటూ అక్కడే మిగులుతుంది. పేరు చూసి కరెంటు పోయినా నడుస్తుందని చాలామంది అనుకుంటారు, నడవదు.

స్ప్లిట్‌లో ఏసీ ఎంత ముఖ్యమో బిగించడం అంత ముఖ్యం. మాకు బిగించిన మూడో రాత్రి దిండు మీద చుక్క చుక్కగా నీళ్లు పడ్డాయి. పైకప్పు కారుతోందనుకున్నాం. తీరా చూస్తే, నీళ్లు పోయే పైపును గోడ దాటించే చోట కాస్త పైకి ఎత్తి బిగించాడు మెకానిక్. ఆ పైపు మొదటి నుంచి చివరి దాకా కిందికే వాలి ఉండాలి. బిగించిన వెంటనే లోపలి ట్రేలో ఒక చెంబెడు నీళ్లు పోయించి, బయటికి ధారగా వస్తున్నాయో లేదో మీరే నిలబడి చూడండి. అది చూడకుండా డబ్బులివ్వకండి. బయటి యూనిట్‌ను పడమటి గోడకు వద్దు, ఉత్తరం వైపు పెట్టించండి.

స్టార్ లేబుల్ మీద ఉండే ఏడాది కరెంటు యూనిట్లు 1600 గంటల వాడకానికి లెక్క. మీ ఎనిమిది గంటలు నాలుగు నెలలకు 960 అవుతాయి, అంటే అందులో ఆరు పదో వంతులు. ఇంత వాడకానికి 3 స్టార్ చాలు. 5 స్టార్‌కు పెట్టే అదనపు డబ్బు తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. 26 మీద పెట్టి ఫ్యాన్ నెమ్మదిగా తిప్పండి, తెల్లారేసరికి దుప్పటి కావాలనిపిస్తుంది.

ఇంకొకటి, మేము మార్చిలో మిద్దెకు రెండు పూతలు సున్నం కొట్టించాం. ఆ ఏడు రాత్రి పైకప్పు మీద చెయ్యి పెడితే తేడా తెలిసింది. గోడకు రంధ్రం పెట్టుకోవడానికి ఓనరును ఎలాగూ అడగాలి కదా, సున్నం సంగతి కూడా అప్పుడే అడిగేయండి.