వైవా కాకముందే పోస్ట్‌డాక్‌కి అప్లై చేయొచ్చు

తమ్ముడూ, 'పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చేశాను, వైవా (మౌఖిక పరీక్ష) కాలేదు, ఈసీజీ సిగ్నల్స్ మీద చేసిన ఈసీఈ వాణ్ణి బయోమెడికల్ ల్యాబ్ వాళ్లు తీసుకుంటారా, మెయిళ్లకు జవాబే లేదు' అన్నావు. టెన్షన్ పడకు. పోస్ట్‌డాక్‌కి, అదే పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధనకి, అప్లై చేయడానికి వైవా దాకా ఆగక్కర్లేదు. ఏఎన్‌ఆర్‌ఎఫ్ (పరిశోధనలకు నిధులిచ్చే కేంద్ర సంస్థ) నేషనల్ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్‌కి థీసిస్ సమర్పించినవాళ్లూ అర్హులే. రెండేళ్లు ఉంటుంది, వయసు 35 దాటకూడదు, కొన్ని వర్గాలకు, మహిళలకు సడలింపు ఉంది. ముందే మెంటార్‌ని, అంటే నిన్ను తన ల్యాబ్‌లో చేర్చుకునే ప్రొఫెసర్‌ని, ఒప్పించుకోవాలి, అసలు తంటా అక్కడే.

నువ్వు పెట్టిన మెయిల్ చూశాను. 'రెస్పెక్టెడ్ సర్' తర్వాత ఆరు పేరాల బయోడేటా! ఎవరు చదువుతారు చెప్పు? ఇలా రాయి: 'మనిషి నడుస్తుంటే ఎలక్ట్రోడ్ కదిలి ఈసీజీ బేస్‌లైన్ (అడుగు గీత) ఊగిపోతుంది. ఒంటికి తగిలించుకునే (వేరబుల్) పరికరాల మీద మీరు రాసిన పేపర్‌లో ఆ భాగం వదిలేశారు. నా ఫిల్టర్‌తో ఆ డేటా నిలబడుతుంది, గ్రాఫ్ జతచేశాను.' అంతే. ఒక్కో ల్యాబ్‌కి ఒక్కో మెయిల్, వాళ్ల పేపర్ చదివాకే. ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజనీరింగ్ విభాగమే ఉంది, అక్కడి నుంచి మొదలుపెట్టు.

విదేశాలకైతే జీవశాస్త్ర పరిశోధనకు నిధులిచ్చే అంతర్జాతీయ సంస్థ హ్యూమన్ ఫ్రాంటియర్ సైన్స్ ప్రోగ్రామ్ వాళ్ల క్రాస్-డిసిప్లినరీ ఫెలోషిప్ నీలాంటి ఇంజనీర్లకు, జీవశాస్త్రం బయటి నుంచి వచ్చేవాళ్లకే, మూడేళ్లు. కాకపోతే జీవశాస్త్రంలో మౌలిక ప్రశ్న కావాలి, పరికరం తయారుచేస్తానంటే కుదరదు.

వైజాగ్ వదలలేనంటే మాత్రం పెదగంట్యాడ దగ్గరి మెడ్‌టెక్ జోన్‌ (వైద్య పరికరాల తయారీ పార్కు) కంపెనీల్లో అడుగు. అది పోస్ట్‌డాక్ కాదు, ఉద్యోగం. వైవా అయ్యేదాకా చేతిలో పని ఉంటుంది.