బుజ్జీ, కెమెరా ముందు కూర్చోబోయే ముందు

చిట్టితల్లి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీకు హైదరాబాద్‌లో యూట్యూబ్ సినిమా ఛానెల్లో ఉద్యోగం వచ్చిందని, వచ్చే నెల నుంచి సినిమావాళ్లని నువ్వే ఇంటర్వ్యూ చేస్తావని మీ అమ్మ చెప్పింది. ఇంత పెద్ద సంగతి నాకు మీ అమ్మ చేత చెప్పిస్తావా? సరే, ఆ లెక్క తర్వాత తేల్చుకుందాం. మీ పెదనాన్నకి రెండుసార్లు చెప్పాను, మొదటిసారి ఆయనకి వినపడలేదు. పక్కింటివాళ్లకీ చెప్పాను. ఆ సంబరం సాయంత్రం దాకా ఉంది, రాత్రి పడుకున్నాక దిగులు మొదలైంది. నీకు ఫోన్లో మాట్లాడటం నచ్చదు, నాకు వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా టైప్ చేయడం చేతకాదు. కాబట్టి ఉత్తరం. ఒక్క బిగిన చదవక్కర్లేదు.

చిన్న సంగతులు ముందు కానిచ్చేస్తాను. అన్నం తిని వెళ్లు. ప్రశ్నలు కాగితం మీద రాసుకో. చెవుల్లో పెట్టుకునేవి రెండు జతలు బ్యాగులో ఉంచు. కాలర్ మైకు మెడకి తగిలితే నీకు గిట్టదు కదా, చున్నీ మీద పెట్టమని చెప్పు. స్టూడియో లైట్లు ముందురోజే ఒకసారి వేసి చూపించమను. ఇవేమీ గొంతెమ్మ కోరికలు కావు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో నీకున్న ఆటిజం ఒకటి. అడగడానికి మొహమాటపడకు.

ముఖాల సంగతి మాత్రం కాస్త శ్రద్ధగా చూసుకో. నీకు మనుషుల్ని ముఖం చూసి గుర్తుపట్టడం కష్టం, గొంతు వింటే ఇట్టే పట్టేస్తావు. ఆటిజం ఉన్నవాళ్లలో చాలామందికి ఈ ఇబ్బంది ఉంటుంది. సినిమావాళ్లేమో పాత్ర కోసం గడ్డం పెంచుతారు, గుండు చేయించుకుంటారు, విగ్గు తీసేసి వస్తారు. నువ్వు హీరోని దాటుకుని వెళ్లి మేనేజర్‌కి నమస్కారం పెట్టావనుకో, అక్కడున్నవాళ్లకి అది పొగరులా కనిపిస్తుంది. ఆ వారం ఫొటోలు ముందే చూసుకో. గదిలోకి రాగానే పేరు పెట్టి పరిచయం చేయమని పీఆర్వోకి చెప్పు. అది వాళ్ల పనే.

మీ అమ్మ భయం వేరు. నీకు వాచ్‌మన్ అయినా, హీరో అయినా ఒకటే 'మీరు', ఒకటే నమస్కారం. పెద్దవాళ్లు రాగానే లేచి చేతులు కట్టుకుని నిలబడటం నీకు రాదు. ఈ పరిశ్రమలో దానివల్ల నెగ్గుకురాలేవేమోనని దాని బెంగ. నాకు ఆ భయం లేదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో స్పెషల్ టీచర్‌గా ట్రైనింగ్ అయిన దగ్గర్నుంచి రిటైరయ్యేదాకా నేను గడిపింది నీలాంటి పిల్లలతోనే కదా. పేరున్నవాళ్ల ముందు వాళ్లెలా ఉంటారో చాలాసార్లు చూశాను.

ఏటా ఏప్రిల్ 2న ఆటిజం అవగాహన దినం అని 2008 నుంచి జరుపుతున్నారు. ఆ రోజు మా స్కూలుకి ఎవరో ఒకరు వచ్చి, పిల్లలతో ఫొటోలు దిగి వెళ్లేవారు. ఒక ఏడాది పెద్ద హీరో వచ్చారు. టీచర్లందరం పట్టుచీరలు కట్టుకున్నాం, నేను కూడా, నవ్వకు. పిల్లల్లో ఒకడు ఆయన చెయ్యి పట్టుకుని గడియారంలో సెకన్ల ముల్లు తిరగడం చూస్తూ ఉండిపోయాడు, తలెత్తి మనిషిని చూడలేదు. ఇంకొకడు సరాసరి కారు దగ్గరికి వెళ్లి డ్రైవర్ని మైలేజీ ఎంతిస్తుందని అడిగాడు. ఆయన సినిమాల పేర్లు వరసగా ఒప్పజెప్పే పిల్లేమో మూలకి వెళ్లి గోడవైపు తిరిగి కూర్చుంది. దానికి కావలసింది టీవీలో ఉండే ఆయన. ఈ వచ్చినాయన సెంటు వాసన వేస్తున్నాడు, గొంతు కూడా వేరేగా ఉంది. (సినిమాల్లో ఆయనకి డబ్బింగ్ వేరేవాళ్లు చెప్పేవారులే.) మాటలు సరిగా రాని ఇంకో పిల్లాడు ఈ హడావుడి ఏమీ పట్టనట్టు బ్రహ్మానందం డైలాగు ఒకటి చెప్పి మంచినీళ్లు అడిగాడు. వాడికి ఏది కావాలన్నా ఆ డైలాగుల్లోంచే అడిగేవాడు. వాడి విషయంలో మా స్పీచ్ థెరపీ కంటే బ్రహ్మానందం గారే ఎక్కువ పని చేశారని నా నమ్మకం.

"పాపం, ఎవరొచ్చారో కూడా వీళ్లకి తెలియదు" అని వచ్చినవాళ్లలో ఒకరన్నారు. ఒళ్లు మండిపోయింది నాకు. వాళ్లకి బాగానే తెలుసు. ఎవరికి కావలసింది వాళ్లు చూసుకున్నారు.

2011లో అమెరికాలో కాల్‌టెక్ పరిశోధకులు ఒక ప్రయోగం గురించి రాశారు. యునిసెఫ్‌కి డబ్బిస్తారా అని మనుషుల్ని అడిగారట, ఎవరూ చూడనప్పుడు ఒకసారి, ఎదురుగా ఒక మనిషి చూస్తుండగా ఒకసారి. మామూలువాళ్లు ఎవరైనా చూస్తుంటే ఎక్కువసార్లు ఇచ్చారు. ఆటిజం ఉన్నవాళ్లు, చూసేవాళ్లున్నా లేకపోయినా ఒకేలా ఇచ్చారు. పేరు గురించిన పట్టింపు వీళ్లకి తక్కువని తేల్చారు. మన గుళ్లో ట్యూబ్‌లైటు ఇచ్చి, వెలుతురు సగం ఆగిపోయేంత పెద్ద అక్షరాలతో దాని మీద పేరు రాయించుకున్న దాతల్ని చూసినదాన్ని, నాకు అది జబ్బులా అనిపించలేదు. అలాగని ఆటిజం ఉన్నవాళ్లందరూ అంతే అనుకోకు. టీవీలో కనిపించాలని తపించిపోయే పిల్లల్నీ చూశాను. అభిమాన హీరో సినిమా ఫ్లాపైతే అన్నం మానేసి, కలెక్షన్లు మళ్లీ మళ్లీ కూడికలు వేసుకుంటూ కూర్చున్నవాణ్ణీ చూశాను.

నీకు మనుషుల కంటే వాళ్లు చేసిన పని ఇష్టం. మీ నాన్న క్యాసెట్లలో ఏ పాట ఏ సైడులో ఎన్నోదో నిద్రలో లేపి అడిగినా చెప్పేదానివి. ఉద్యోగంలో నిన్ను కాపాడేది అదే. "మీకు పెద్ద ఫ్యాన్‌ని సార్" అని మొదలుపెట్టమని వాళ్లు చెప్తారు. అబద్ధం చెప్తే నీ గొంతు రోబోలా అయిపోతుంది, మనందరికీ తెలుసు. దాని బదులు ఆయన చేసిన పనిలో నీకు నిజంగా నచ్చిన ఒక్క ముక్క చెప్పు, ఏ సీను, ఏ మాట, ఏ చూపు అని విడమర్చి. ఆయన ఏదైనా సంవత్సరం తప్పు చెప్తే "తప్పు" అనకు. "నా దగ్గర 1997 అని ఉందండీ, ఏది సరైనది?" అని అడుగు. అదీ నిజమే కదా, నీ దగ్గర అలాగే ఉంది కాబట్టి.

ఇక బెజవాడ సంగతి. నీకప్పుడు పదేళ్లు. నీకు గుర్తున్నది ఒకటి, పక్కన నిలబడి నేను చూసింది ఒకటి, అందుకని మొదటి నుంచీ చెప్తాను.

ఒక పేరున్న గాయకుడి సంగీత విభావరి. నిర్వాహకుల్లో ఒకరు మీ బాబాయికి తెలిసినవాళ్లు కావడంతో, కార్యక్రమం మొదలవకముందే మనల్ని గ్రీన్‌రూమ్‌లోకి తీసుకెళ్లాడు. ఆయన కుర్చీలో కూర్చుని ఫ్లాస్కులోంచి వేణ్ణీళ్లు తాగుతున్నారు. మీ అమ్మ నీ వీపు మీద చెయ్యి వేసి, కాళ్లకి దణ్ణం పెట్టమంది. నువ్వు ఆయన కాళ్లవైపు చూడలేదు, ముఖంవైపూ చూడలేదు. ఫ్లాస్కు మూతని చూస్తూ, "క్యాసెట్లో బి సైడు మూడో పాట రెండో చరణంలో మీరు ఊపిరి తీసుకోవడం వినిపిస్తుంది. సినిమాలో వినిపించదు. ఎందుకు?" అన్నావు.

మీ బాబాయి ముఖం పాలిపోయింది. ఆయన మాత్రం మూత పక్కన పెట్టేసి కాసేపు ఆలోచించారు. క్యాసెట్లో వచ్చింది ముందు పాడిన టేకు అనీ, అది తనకే నచ్చక సినిమా కోసం మళ్లీ పాడాననీ చెప్పారు. "ఇన్నేళ్లలో ఈ మాట నన్నెవరూ అడగలేదమ్మా" అన్నారు. ఆ చరణం మెల్లగా రెండుసార్లు పాడారు, ఊపిరి వినిపించేలా ఒకసారి, వినిపించకుండా ఒకసారి. నువ్వు రెండు చేతులూ గాల్లో ఆడించావు, నీకు బాగా సంతోషం వస్తే చేసేట్టు. ఆయన ఆ చేతుల్ని చూసి నవ్వారు. అది మంచి నవ్వు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. తలుపు దగ్గర నిలబడ్డ నిర్వాహకుడు ఇదంతా విని, పాపని స్టేజీ మీదకి పంపండి, అక్కడ మళ్లీ అడిగిస్తే జనం ఊగిపోతారు అన్నాడు. మీ అమ్మ తల ఊపింది. అరగంట తర్వాత నువ్వు ఆ లైట్ల కింద, ఎదురుగా కిక్కిరిసిన హాలు. మైకు కీచుమంది. యాంకరమ్మాయి వంగి, "అడుగు పాపా, ఇందాక సార్‌ని ఏమడిగావు?" అంది. నువ్వు, "చెప్పేశారు కదా" అన్నావు. హాలంతా గొల్లుమంది. నీ మాటలో తప్పేముంది? జవాబు దొరికాక మళ్లీ ఎందుకడుగుతావు? ఆ పిల్ల వదల్లేదు, ఇంకోసారి అడిగింది. నువ్వు మళ్లీ అదే అన్నావు, వాళ్లు మళ్లీ నవ్వారు, ఈసారి ఈలలు కూడా. నువ్వు చెవులు మూసుకుని, పూలదండలు పెట్టిన బల్ల కిందకి దూరిపోయావు. ఆయనే చెయ్యెత్తి మైకు ఆపించారు. బల్ల కిందకి దూరి నీ పక్కన కూర్చున్నది నేను, పట్టుచీరతో సహా. అప్పటికే ఫోన్లు పైకి లేచాయి. లోకల్ కేబుల్లో ఆ ముక్క వారం పాటు వేశారు, కింద ఏదో వేళాకోళం రాసి. చాలాకాలం నువ్వు ఆ క్యాసెట్ ముట్టుకోలేదు.

మీ అమ్మని తిట్టడానికి ఇదంతా రాయడం లేదు. నీ గురించి అప్పటిదాకా అది నలుగురి నోటా విన్నవన్నీ ఫిర్యాదులే. క్లాసులో కుదురుగా కూర్చోదు, పిలిస్తే పలకదు, బంధువులకి నమస్కారం పెట్టదు. మొదటిసారి ఒక పెద్దమనిషి తన కూతుర్ని మెచ్చుకున్నాడు. అది ఊరంతా వినాలనిపించింది దానికి. అడగాల్సింది నిన్ను, అడగలేదు, అంతే.

నీకు ఇప్పుడొచ్చిన ఉద్యోగం ఆ గ్రీన్‌రూమ్‌లో నువ్వు చేసిన పనే. నా దిగులంతా స్టేజీ గురించి. ఆ ఛానెల్ వాళ్లు మంచివాళ్లే కావచ్చు, వ్యూస్ పడిపోయిన నెలలో ఎంత మంచివాళ్లో తెలుస్తుంది. నువ్వు మామూలుగా అడిగిన ప్రశ్నకి ఏ హీరోనో ఒక్క క్షణం తడబడతాడు. ఆ క్షణాన్ని కోసి, "స్టార్ హీరోకి చుక్కలు చూపించిన ఆటిజం అమ్మాయి" అని థంబ్‌నెయిల్ పెడతారు. ఆయన ఫ్యాన్స్ సంగతి నీకు తెలియనిది కాదు. అది బాగా తిరిగిందంటే వచ్చే వారం కూడా అలాగే అడగమంటారు. నీకు సహజంగా వచ్చినదాన్ని నీచేత వేషంగా కట్టిస్తారు.

అందుకని చేరే ముందే మెయిల్లో రాయించుకో: నీకు ఆటిజం ఉందన్న మాట టైటిల్లో గానీ ప్రోమోలో గానీ నిన్ను అడగకుండా వాడకూడదు, ప్రోమో బయటికి వెళ్లేముందు నువ్వు చూడాలి. నోటిమాట చాలదు. దాచుకోమని చెప్పడం లేదు సుమా. చెప్పాలనుకుంటే ఎప్పుడు చెప్పాలో, ఎవరికి చెప్పాలో నువ్వు తేల్చుకోవాలి, వాళ్ల ఎడిటర్ కాదు.

స్కాట్లాండ్ గాయని సూసన్ బాయిల్ పేరు విన్నావో లేదో. 2009లో, 47 ఏళ్ల వయసులో, బ్రిటన్ టీవీ పోటీలో పాడింది. నోరు తెరవకముందు ఆమె వాలకం చూసి హాల్లో నవ్వారు, పాట వినగానే లేచి చప్పట్లు కొట్టారు. కొద్దిరోజుల్లో ప్రపంచమంతా ఆ వీడియో చూసింది. మే నెలాఖరున ఫైనల్, అందులో రెండో స్థానం, మర్నాడే అలసటతో లండన్‌లో ఒక క్లినిక్‌లో చేరాల్సి వచ్చింది. పత్రికలవాళ్లు ఆమె ఇంటి ముందే కాపురం పెట్టారు. తనకి ఆస్పర్జర్ (అదీ ఆటిజంలో ఒక రకమే) అని డాక్టర్లు తేల్చారని ఆమె 2013లో చెప్పింది. చిన్నప్పుడు పుట్టుకలో మెదడు దెబ్బతిందని చెప్పి సరిపెట్టారట. ఆ తర్వాత ఆమె బాగానే పాడింది, ఆల్బమ్స్ లక్షల్లో అమ్ముడయ్యాయి. నాకు నచ్చిందేమిటంటే, అంత డబ్బొచ్చాక కూడా తను పెరిగిన ఇంటినే అట్టేపెట్టుకుంది. నీకూ ఒక గది అలా ఉండాలి, కెమెరా రానిది. మా మేడమీది గది ఎప్పుడూ ఖాళీయే.

మరొకటి చెప్పి ఆపుతాను, ఇందులో నాతో వాదించకు. రిలీజ్ రోజున థియేటర్ దగ్గర పబ్లిక్ టాక్‌కి వెళ్లమంటే వెళ్లనని చెప్పు. 2024 డిసెంబరు 4 రాత్రి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో హీరోని చూడటానికి వచ్చిన జనం తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, కొడుకు చావు తప్పి ఆస్పత్రి పాలయ్యాడు. డప్పులు, టపాకాయలు, అరుపులు, మీదపడే మనుషులు. ఒక్క అరుపుకే నీకు దిక్కు తెలియకుండా పోతుంది, ఆ జనంలో బయటికి దారి ఎవరు చూపిస్తారు? ఉద్యోగం పోతే పోనీ. ఇంకోటి వస్తుంది.

కామెంట్లు చదవకు అంటే నువ్వు వినవు. మొదటి కామెంటు నుంచి చివరిదాకా చదివి రకాల వారీగా లెక్క కూడా వేస్తావు. వేస్తే వేశావు గానీ రాత్రి పూట వద్దు, మీ నాన్న పక్కన ఉన్నప్పుడు చదువు.

సామాను జాబితా విడిగా పంపిస్తున్నాను. మాగాయ రెండు సీసాలు కట్టించాను. జీతం ఎంతో మీ అమ్మ చెప్పలేదు, ఎంత అడిగినా దాటేస్తోంది. నువ్వు రాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ