ప్రెస్ మీద బేరింగు కూర్చోకపోతే

చిరంజీవి అల్లునికి,

హన్మకొండ నుంచి మామ ఆశీస్సులు. పరకాల దుకాణంల హైడ్రాలిక్ ప్రెస్ బిగించినవని మీ అమ్మ చెప్పింది. యాసంగి నాట్లు పడ్డయంటే మోనోబ్లాక్ (మోటరు, పంపు ఒక్క షాఫ్టు మీదుండే) మోటర్లు వరుస కడతయి. వైండింగు నీకు చెప్పే పని లేదు. బేరింగు కాడనే జర చూసుకో. వైండింగు ఎంత మంచిగ చేసినా బేరింగు వంకరగ కూర్చుంటే ఆ మోటరు మళ్ల నీ దగ్గరికే వస్తది.

లెక్కకు 6205 నంబరు బేరింగు తీసుకుందాం: లోపల 25, బయట 52, వెడల్పు 15 మిల్లీమీటర్లు. షాఫ్టు మీదికి ఎక్కేది ఇన్నర్ రింగు. అందుకని ప్రెస్ బలం ఇన్నర్ మీదనే పడాలె. ఔటర్ మీద నొక్కితే ఆ బలమంతా బాల్స్ గుండా పోయి ట్రాకుల గుంటలు పడతయి. కంటికి కనిపియ్యవు, మోటరు తిరిగేటప్పుడు గుర్రుమని మోత వస్తది. సుత్తెతోటి కొట్టినా ఇదే గతి. ఒక ఇంచు జీఐ పైపు ముక్క తీసుకొని, రెండు మొకాలు లేత్ మీద సమంగ కోపియ్యి. దాని లోపలి కొలత 27 చిల్లర ఉంటది, షాఫ్టు మీద సులువుగ దిగుతది. నొక్కే మొకం బయటివైపు 32కు తగ్గిస్తే బేరింగు పక్కన మూసే రేకుకు (షీల్డుకు) తగలదు.

సగం దాకా పోయి ఆగిందంటే హ్యాండిల్ ఇంకింత కొట్టకు. 6205కు అర టన్ను లోపు బలం చాలు. అంతకు మించి అడుగుతుందంటే ఎక్కడో అడ్డం ఉన్నట్టే. ఎక్కువసార్లు కీవే (కీ కూర్చునే గాడి) అంచుల మీద లేచిన సన్న ఇనుప మొననో, పాత బేరింగు పీకినప్పుడు పడ్డ గీతనో ఉంటది. బేరింగు తీసి, సన్న ఆయిల్ స్టోన్ తోటి ఆ అంచు మాత్రమే తియ్యి. షాఫ్టు చుట్టూ ఎమెరీ రుద్దితే కొలతే పోతది. అంచు మంచిగనే ఉంటే మొదట్లనే బేరింగు పక్కకు వాలిందన్నట్టు. షాఫ్టుకు పల్చగ నూనె రాసి, నిటారుగ నిలబెట్టి, మొదటి రెండు మిల్లీమీటర్లు నిదానంగ నొక్కి నాలుగు దిక్కుల చూసినంకనే ముందుకు పో.

ప్రెస్ గేజ్ ముల్లు ఒక్కసారి ఎగిరిందంటే బేరింగు షాఫ్టు లావయ్యే మెట్టుకు, అదే స్టెప్పుకు తగిలింది, ఆపు. అప్పుడు ఇన్నర్ కు, స్టెప్పుకు నడుమ 0.03 మిల్లీమీటర్ల ఫీలర్ ఆకు (సందు కొలిచే పల్చటి రేకు) పెట్టి చుట్టూ చూడు. ఒక దిక్కు దూరి ఇంకో దిక్కు దూరకపోతే వంకరగ కూర్చున్నది, లేకపోతే ఆ మూల చెత్త ఇరుక్కున్నది. చుట్టూ దూరితే స్టెప్పు మూల చూడాలె. 6205 అంచు గుండ్రం 1 మిల్లీమీటరు. లేత్ అతను మూలల అంతకంటే పెద్ద రేడియస్ వదిలిపెడితే బేరింగు ఆ వంపు మీదనే కూర్చుంటది, ఎంత నొక్కినా లోపలికి పోదు.

చేతితోటే దిగిపోయే షాఫ్టు ఇంకా చెడ్డది. ఇన్నర్ షాఫ్టు మీద జారి తిరుగుతది, ఎర్ర పొడి రాలుతది, వేడెక్కి గ్రీజు కారుతది. మన దిక్కు చానమంది సెంటర్ పంచ్ తోటి చుక్కలు కొట్టి ఎక్కిస్తరు. ఆ చుక్కల కొనలు అరిగేదాకనే ఆ పట్టు, పైగా కొనలు సమంగ ఉండవు కాబట్టి రోటర్ నడుమ తప్పుతది. మైక్రోమీటర్ తోటి మూడు చోట్ల కొలువు. 25.002 నుంచి 25.011 నడుమ ఉండాలె. తక్కువుంటే మెటల్ స్ప్రే చేయించి గ్రైండింగ్ పట్టించు.

25.02 దాటితే ఇంకో తిప్పలు. బేరింగు ఎక్కుతది గని చేతితోటి తిప్పితే బిగుసుకొని తిరుగుతది. ఇన్నర్ సాగి, బాల్స్ కు రింగులకు నడుమ ఉండే లోపలి సందు మింగేసింది. మామూలు 6205ల ఆ సందు 5 నుంచి 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరుల వెయ్యో వంతు), సందు ఎక్కువుండే సీ3 రకంల 13 నుంచి 28. మోటరుకు సీ3నే వెయ్యి. కానీ షాఫ్టు లావుంటే దానికి సీ3 మందు కాదు, షాఫ్టునే సరిచెయ్యాలె.

ప్రెస్ కు అందని పొడుగు రోటర్ అయితే బేరింగును వేడి చెయ్యి. 80 డిగ్రీలు పెరిగితే 25 మిల్లీమీటర్ల బోరు 24 మైక్రాన్లు సాగుతది, దానంతటదే దిగుతది. 110 దాకా చాలు, 120 దాటనియ్యకు. రబ్బరు సీలు ఉన్నదానికి 80 మీద ఆపెయ్యి, నూనెల ముంచకు. గ్యాస్ మంట అసలే వద్దు. ఎక్కినంక చేయి తియ్యకుండ స్టెప్పుకు అదిమి పట్టుకో. చల్లారేటప్పుడు బేరింగు వెడల్పుల కూడ కుంచించుకపోయి స్టెప్పు నుంచి దూరం జరుగుతది.

ఎండ్ కవర్ల ఔటర్ చేతి ఒత్తిడికే దిగాలె. రెండు దిక్కుల బిగుతుగ నొక్కితే, షాఫ్టు వేడికి పొడుగైనప్పుడు జరిగే జాగ దొరకదు. పాత మోటరుల వేవ్ వాషర్ (అలల లెక్క వంగిన స్ప్రింగు వాషర్) ఉంటే పారెయ్యకు, అది మళ్ల ఉన్న దిక్కే పెట్టు. గ్రీజు నింపుకునే ఓపెన్ బేరింగు అయితే లోపలి ఖాళీల మూడో వంతు చాలు.

ఔటర్ పట్టి పీకిన బేరింగు ఎంత కొత్తదైనా మళ్ల వాడకు. బోరుల దింపే సబ్‌మర్సిబుల్ కు ఈ లెక్క పనికిరాదు. నీళ్లు నింపే మోటర్ల బుష్షులు, కార్బన్ థ్రస్ట్ ఉంటయి, దాని గురించి వేరే రాస్త. లేత్ అతనికి మాత్రం కొలత కాగితం మీద రాసియ్యి. "జర టైటుగ పెట్టు" అంటే ఆయనకు తోచినంత పెడతడు.

మీ మామ