రెండు రూపాయల వడ్డీకి రేకుల షెడ్డా?

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. మావారికి 48 ఏళ్లు, నాకు 43. మావారు రొయ్యల మేత దుకాణం నడుపుతున్నారు. ఏడాది మొత్తం మీద చూస్తే సగటున నెలకు 70 వేలు మిగులుతాయి. కొన్ని నెలలు ఏమీ రాదు. ఇంటి ఖర్చు 38 వేలు. బ్యాంకులో 2,10,000 ఉన్నాయి. నాకు 8 కాసుల బంగారం ఉంది. నెలకు 10 వేల చీటీ ఇంకో 14 నెలలు కట్టాలి, ఇంకా పాడుకోలేదు. రైతుల దగ్గర నుంచి 11 లక్షలు రావాలి. మావారి పేర 5 లక్షల పాలసీ ఒకటి ఉంది. మా బాబుకు 19 ఏళ్లు, ఆటిజం. మాటలు తక్కువ. రెండేళ్లుగా ఒక రిటైరైన డ్రాయింగు మాస్టారింటి అరుగు మీద ప్రతి శనివారం మావాడూ ఇంకో ముగ్గురు పిల్లలూ బొమ్మలు వేస్తున్నారు. అన్నీ కలిపి నెలకు 12 వేలవుతుంది, నాలుగు కుటుంబాల వాళ్లం తలో 3 వేలు వేసుకుంటాం. నేను అల్లే లేసు చూసి ఆ పువ్వుల్ని ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద దించేస్తాడు. ఇంత మార్పు ఏ థెరపీలోనూ చూడలేదు. మా పెరట్లో రేకుల షెడ్డు వేసి, ఏసీ, మట్టిబొమ్మలు కాల్చే కరెంటు బట్టీ పెట్టి, భీమవరం నుంచి 18 వేల జీతానికి టీచర్ని తెచ్చి, రోజూ నడిచే కేంద్రం చేద్దామనుకుంటున్నాం. 9 లక్షలవుతుంది. బంగారం మీద 4 లక్షలు, తెలిసినవాళ్ల దగ్గర ప్రోనోటు మీద రెండు రూపాయల వడ్డీకి 5 లక్షలు తీసుకుంటాం. ఆరుగురు పిల్లలు వస్తామన్నారు, తలకు 3 వేల ఫీజు. పిల్లలు చేసినవి అమ్మితే అప్పు తీరిపోతుంది. బంగారం ఏ బ్యాంకులో పెడితే వడ్డీ తక్కువ?

జవాబు: అమ్మా, ఏ బ్యాంకులోనూ వద్దు. ప్రోనోటు సంగతి అసలు ఎత్తకండి.

మీ ఒక్కరి ప్రశ్నే అయితే రెండు ముక్కల్లో చెప్పి ఊరుకునేవాణ్ని. ప్రత్యేక అవసరాలున్న పిల్లల తల్లిదండ్రుల నుంచి ఈ మధ్య నాకు వరసగా ఇలాంటి ఉత్తరాలే వస్తున్నాయి. పిల్లవాడికి ఏదో ఒకటి కుదిరింది, వాడు నవ్వుతున్నాడు, కుదురుగా కూర్చుంటున్నాడు అనగానే దానికి గోడలూ పైకప్పూ కట్టేయాలన్న ఆత్రం వస్తుంది. ఆ ఆత్రానికి చేతులెత్తి దణ్ణం పెడతాను. దానికోసం చేసే అప్పుకు మాత్రం పెట్టను.

ముందు వడ్డీ చూడండి. ఐదు లక్షలకు నూటికి రెండు రూపాయలంటే నెలకు 10 వేలు. మన గోదావరి జిల్లాల్లో "రెండు రూపాయలేనండీ" అని చిల్లర డబ్బుల్లా చెబుతారు. అది ఏడాదికి 24 శాతం. ఇదే మాట బ్యాంకు మేనేజరు అంటే మీవారు అక్కడే దెబ్బలాడి వచ్చేస్తారు. బంగారం మీద నాలుగు లక్షలకు రూపాయి వడ్డీ వేసుకున్నా మరో 4 వేలు. మొత్తం 14 వేలు, అసలులో పైసా తగ్గకుండా. ఇప్పుడు నలుగురు పిల్లలకూ కలిపి అయ్యే ఖర్చు 12 వేలని మీరే రాశారు. మీరు కట్టబోయే వడ్డీ డబ్బుతో ఆ నలుగురి శనివారాలూ ఉచితంగా నడిచిపోయి, పైన 2 వేలు రంగులకు మిగులుతాయి.

ఆరుగురు ఇచ్చే 18 వేలు టీచరు జీతానికి సరి. బట్టీకీ ఏసీకీ అయ్యే కరెంటు బిల్లు ఎవరు కడతారు? ఇద్దరు పిల్లలు మానేస్తే? "పిల్లలు చేసినవి అమ్మితే" అన్న మాట చదివి కాసేపు పెన్ను పక్కన పెట్టాను. ఎవరైనా ముచ్చటపడి కొంటే సంతోషమే, ఆ డబ్బు ఆ పిల్లల చేతిలోనే పెట్టండి. కానీ బాబు వేసే పువ్వు మీ వాయిదా తీర్చాల్సిన సరుకైపోతే, వాడికి మనసు లేని రోజున మాస్టారు "ఇవాళ్టికి చాల్లేరా" అనడానికి వీల్లేకుండా పోతుంది. రెండేళ్లుగా వాడికి మేలు చేసింది ఆ మాటేనేమో, నాకనిపిస్తుంది.

నాలుగేళ్ల క్రితం ఒక కుటుంబం నన్ను కలిసింది. ఊరి పేరు వద్దు. ఇదే పథకం, ఇదే వడ్డీ. వద్దని చెప్పాను గానీ మొహమాటపడి మెత్తగా చెప్పాను. తొమ్మిదో నెలలో కేంద్రం మూసేశారు. అప్పు ఎలాగో పొలం అమ్మి తీర్చుకున్నారు. వాళ్లమ్మాయి మాత్రం ఆ తర్వాత చాలా కాలం ఉదయం పదింటికల్లా సంచీ తగిలించుకుని తాళం వేసిన గది మెట్ల మీద కూర్చునేదట. లేవమంటే ఏడుపు. మిగతా పిల్లలకైతే మూసేశారమ్మా అని చెబితే నాలుగు రోజుల్లో సర్దుకుంటారు. అలవాటైన క్రమం ఉన్నట్టుండి తెగిపోతే ఆటిజం ఉన్న పిల్లలకు అది ఎంత కష్టమో నాకంటే మీకే బాగా తెలుసు. అప్పటి నుంచి ఇలాంటి విషయాల్లో నేను మెత్తగా మాట్లాడటం మానేశాను.

అందుకే మీ ఇంట్లో అత్యవసర నిధికి ఆసుపత్రి బిల్లు కట్టడంతో పాటు ఇంకో పని ఉంది. దుకాణంలో గల్లాపెట్టె ఖాళీగా ఉన్న నెలలో కూడా బాబు శనివారం ఉదయం ఆటో ఎక్కాలి. నిధి అందుకు.

ఉద్యోగస్తులకు ఆరు నెలల ఖర్చు చాలంటాను. మీకు పన్నెండు నెలలది కావాలి. వనామి రొయ్య పంట చేతికి రావడానికి మూడు నాలుగు నెలలు. తెల్లమచ్చ తెగులు తగిలి చెరువు పోయిందంటే ఆ రైతు మీ బాకీ తీర్చేది వచ్చే పంటకు, అదీ కౌంటుకు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయో దానికి) తగ్గ రేటు పలికితే. వరసగా రెండు పంటలు పోతే మీ ఇంట్లో ఏడాది కరువే. 2025లో చూడనే చూశారు. ఆగస్టు ఆఖర్లో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను మీ నరసాపురం చాయలలోనే తీరం దాటింది. రెండు దెబ్బలకూ మధ్య రెండు నెలలే. మీ 2,10,000 ఉత్త ఇంటి ఖర్చుకే ఆరు నెలలు నిలవదు, దాని మీద నెలనెలా 14 వేల వడ్డీ వేసుకుని చూడండి.

ఖర్చు 38 వేలు కాబట్టి ఏడాదికి 4,56,000 కావాలి. ఇంకా 2,46,000 తక్కువ. రైతుల దగ్గరున్న 11 లక్షలను ఈ లెక్కలోకి తేకండి. చెరువులు పోయినప్పుడే మీకు డబ్బు అవసరపడుతుంది, చెరువులు పోయినప్పుడే ఆ బాకీలు రావు. ఆదాయం 70 వేలలో ఖర్చు, చీటీ పోగా 22 వేలు మిగలాలి. కింద చెప్పే బీమాకు 3 వేలు తీస్తే 19 వేలు. పదమూడు నెలల్లో నిధి నిండుతుంది. మంచి నెలల్లో ఎక్కువ వేయండి, రాని నెలలో బాధపడకండి.

దీన్ని ఎఫ్‌డీలో వేస్తారో లిక్విడ్ ఫండ్‌లో (అవసరమైనప్పుడు త్వరగా తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్) వేస్తారో మీ ఇష్టం. ఖాతా మాత్రం మీ పేర ఉండాలి. దుకాణం ఖాతాలో పెట్టారంటే, కంపెనీవాళ్లు ముందే డబ్బు కడితే డిస్కౌంటు అనగానే మీ పన్నెండు నెలలూ మేత బస్తాలైపోయి గోడౌన్లో కూర్చుంటాయి. మీవారిని తప్పు పట్టడం లేదు, వ్యాపారం చేసే ప్రతివారూ చేసే పనే అది.

ఇది కాక ఇంకో చిన్న నిధి ఉండాలి, దాన్ని నాలుగు కుటుంబాలూ కలిసి పెట్టాలి. తలో 9 వేలు వేసుకుంటే 36 వేలు, మూడు నెలల శనివారాల ఖర్చు. ఏ ఇంట్లోనైనా డబ్బుకు ఇబ్బందైతే వాళ్ల వాటా ఇందులోంచి కట్టి, వాళ్లు తేరుకున్నాక నింపుకోవచ్చు. ఇబ్బంది ఉందని నోరు విప్పి చెప్పుకోలేకే చాలామంది మెల్లగా పిల్లల్ని మాన్పిస్తారు. ఒకరు మానితే మిగతా ముగ్గురి మీద వాటా పెరుగుతుంది, ఆ తర్వాత ఇంకొకరు. ఇద్దరి పేర్ల మీద ఉమ్మడి ఖాతా, ఒక నోటు పుస్తకం చాలు. సంఘం రిజిస్ట్రేషను గొడవ ఇప్పుడే వద్దు.

మాస్టారి వయసెంతో మీరు రాయలేదు. రిటైరయ్యారంటే చిన్నవారేం కాదు. మీ దగ్గరున్న అసలు ఆస్తి ఆయనే, ఆయన ఓపికకు బీమా ఇచ్చే కంపెనీ లేదు. 9 లక్షలు ఖర్చు పెట్టాలని అంత ఉబలాటంగా ఉంటే, అందులో నెలకు రెండు వేలు పెట్టి ఆ అరుగు మీద రెండో మనిషిని కూర్చోబెట్టండి. బొమ్మలు వేసే కాలేజీ కుర్రాడైనా సరే, మీ వీధిలో లేసు అల్లే పెద్దావిడైనా సరే. మొదటి నెలలు ఊరికే ఉంటారు, పిల్లలు వాళ్ల మొహానికి అలవాటు పడాలి. మాస్టారికి జ్వరమొచ్చిన శనివారం ఆ మనిషి విలువ తెలుస్తుంది.

ఇక బీమా. సంపాదించేది ఒక్కరు, కొడుకు జీవితాంతం ఆధారపడవచ్చు, ఉన్నది 5 లక్షల పాలసీ! ఇది చూశాక బట్టీ గురించి నాతో ఎలా మాట్లాడాలనిపించిందో అర్థం కాలేదు. మీవారి పేర కోటి రూపాయల టర్మ్ పాలసీ (మనిషి పోతేనే ఇంటివాళ్లకు డబ్బు వచ్చేది) ఈ నెలలోనే తీసుకోండి. ఆయన వయసుకు నెలకు సుమారు మూడు వేలు పక్కన పెట్టాను, బీపీ, షుగరు ఉంటే పెరుగుతుంది, దాచకుండా రాయండి. తీసుకునేటప్పుడే 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద, మీరు లబ్ధిదారుగా తీసుకోండి. ఫారంలో చిన్న గడి అది, ఏజెంట్లు చాలామంది అడగరు. దానివల్ల ఆ డబ్బు మీదికి మీవారి అప్పులవాళ్లు రాలేరు. అరువు మీద నడిచే వ్యాపారంలో ఉన్నవారికి ఇది ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా? తర్వాత చేర్చుకుందాం అంటే కుదరదు.

నామినీగా బాబు పేరు ఎక్కడైనా రాశారేమో అన్ని కాగితాలూ తీసి చూడండి. వాడికి 18 దాటాయి కాబట్టి కన్నవాళ్లయినా చట్టం దృష్టిలో మీరు వాడికి సంరక్షకులు కారు. సంతకం పెట్టలేని వాడి పేర డబ్బు పడితే అది ఎవరికీ అందకుండా ఉండిపోతుంది. నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 కింద కలెక్టరు అధ్యక్షతన స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది, సంరక్షకుల నియామకం అక్కడ చేస్తారు. మీకు భీమవరం కలెక్టరేటు. అదే ట్రస్టు వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఉంటుంది, థెరపీ ఖర్చులకూ కొంత వస్తుంది, ముందస్తు వైద్య పరీక్షలు ఉండవు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఉంటే ఈ వారమే దరఖాస్తు చేయండి, లేకపోతే సచివాలయంలో స్లాటు అడగండి. అర్హత నిబంధనలకు సరిపోతే నెలకు 6 వేల పింఛను సంగతీ అక్కడే కనుక్కోవచ్చు. వైకల్యం ఉన్నవారి కుటుంబానికిచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు పాత విధానంలో ఉన్నవారికే, మీ ఆడిటరును అడగండి. బాబు పేర ట్రస్టు పెట్టడం గురించి నిధి నిండాక రాయండి.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స చేస్తామని లక్షలు అడిగేవాళ్లు మన జిల్లాలకూ వస్తున్నారు, దానికీ బంగారం తాకట్టు పెట్టేవాళ్లున్నారు. అది సిఫార్సు చేయదగ్గ చికిత్స కాదని జాతీయ వైద్య కమిషన్ తరఫున 2022లోనే చెప్పారు. మీ నలుగురిలో ఎవరైనా అటు చూస్తుంటే ఆపండి.

మరి షెడ్డు మాటేమిటంటారా? చీటీ అయిపోయేసరికి నిధి కూడా నిండి ఉంటుంది. మధ్యలో పాడుకోకండి. ఆ చీటీ డబ్బులో లక్షన్నర మించకుండా, అప్పు లేకుండా చిన్న వసారా వేసుకోండి. రెండు బల్లలు, ఫ్యాన్లు చాలు. బట్టీ వద్దు, మట్టిబొమ్మలు ఎండబెట్టి రంగులేసుకుంటారు. శనివారంతో పాటు బుధవారం కూడా కలిపి చూడండి, రోజూ అన్నది తర్వాత. మాస్టారు అరుగు దిగి మీ ఇంటికి వస్తారో లేదో ముందు ఆయన్నే అడగండి.

వేస్తే మాత్రం పెంకులే వేయండి. మీ ఉత్తరం నిండా లెక్కలున్నాయి గానీ, జూలైలో గోదావరి వాన రేకుల మీద పడితే లోపల ఎంత మోత వస్తుందో ఎక్కడా లేదు. చప్పుడు పడని పిల్లలైతే ఆ గదిలో పది నిమిషాలు ఉండలేరు. ఎవరింట్లోనైనా రేకుల వసారా ఉంటే, గట్టిగా వాన పట్టిన రోజున బాబును కాసేపు అక్కడికి తీసుకెళ్లి చూసి, అప్పుడు మేస్త్రీని పిలవండి.