విదేశీ సేవకు నిజంగా పిలుపు ఉందో లేదో ఎలా తెలుస్తుంది? మలావిలో నాలుగేళ్ళున్న నర్సుగా నా జవాబు

"బీఎస్సీ నర్సింగ్ అయిపోయింది. ఆఫ్రికాలో సేవ చేయాలని రెండేళ్ళుగా భారం ఉంది. ఇది దేవుని పిలుపో, నా కోరికో ఎలా తెలుసుకోవాలి?" అని ఒక చెల్లి అడిగింది.

చెల్లీ, వందనాలు. నేనూ నర్సునే, మాది గుంటూరు. ఆఫ్రికా దేశమైన మలావిలో, దక్షిణాన ఒక మిషన్ ఆసుపత్రిలో, పిల్లల వార్డులో నాలుగేళ్ళు పనిచేశాను. పిలుపు ఉజ్జీవ కూటాల్లో కన్నీళ్ళు వచ్చినప్పుడు తేలదు. అక్కడి జనం భాష నేర్చుకునే ఓపిక నీకు ఉందా లేదా, అక్కడ తేలుతుంది. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు.

వెళ్ళిన మొదటి ఏడాది, ఫిబ్రవరి నెల. అక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు. వానలతో పాటే మలేరియా. ఒక్కో మంచం మీద ఇద్దరేసి పిల్లలు. ఆ రాత్రి మూడేళ్ళ బాబును తెచ్చారు. మలేరియా మెదడుకు ఎక్కేసింది, అరచేతులు తెల్లగా పాలిపోయాయి. మలేరియా మందు ఆర్టిసునేట్ ఇచ్చాం. మేనమామ రక్తం ఇచ్చాడు. అయినా తెల్లవారుజామున నాలుగింటికి బాబు పోయాడు.

తల్లి నా వైపు చూసింది. అప్పటికి నాకు అక్కడి చిచేవా భాషలో వచ్చినవల్లా జ్వరమా, విరేచనాలా, ఎప్పటి నుంచి అనే ప్రశ్నలే. ఏం చేయాలో తెలియక ఇంగ్లీషులో ప్రార్థన మొదలుపెట్టాను. ఒక్క ముక్క అర్థంకాక ఆమె నా పెదవుల వైపే చూస్తోంది. అప్పుడు వార్డు తుడిచే పెద్దావిడ చీపురు గోడకు ఆనించి వచ్చి, నేల మీద ఆమె పక్కన కూర్చుంది. "పెపానీ, అమాయి" అంది. "అయ్యో తల్లీ" అన్నట్టు. ఇంకేమీ అనలేదు, చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ తల్లికి అప్పుడు ఏడుపు వచ్చింది. నేను ప్రార్థన ఆపేసి నేల మీద కూర్చున్నాను. పక్క మంచం పాపకు సెలైన్ మార్చాల్సి వచ్చేదాకా లేవలేదు.

అమాయి అంటే అమ్మ. ఆడవాళ్ళను గౌరవంగా అలాగే పిలుస్తారు. వెళ్ళిన కొత్తలో నన్ను ఎవరు పిలిచినా నాకు "అమ్మాయి" అని వినపడి ప్రాణం లేచొచ్చేది.

మర్నాటి నుంచి డ్యూటీ దిగాక రోజూ గంటసేపు ఆసుపత్రి వెనక వంటపాకలో కూర్చునేదాన్ని. అక్కడ రోగులకు ఇంటివాళ్ళే వండిపెట్టుకుంటారు. మూడు రాళ్ళ పొయ్యి, మొక్కజొన్న పిండితో మన సంకటిలాంటి న్సిమా. తెడ్డు నా చేతికిచ్చి కలపమనేవాళ్ళు. ఉప్పు, నిప్పు, ఆకలి, భయం, ఈ మాటలన్నీ నాకు ఆ పాకలోనే వచ్చాయి. ఒక తల్లితో కూర్చుని నాలుగు మాటలు మాట్లాడటానికి ఎనిమిది నెలలు పట్టింది.

నేను పుట్టింది గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో. అన్నా కుగ్లర్ అమ్మగారు 1883లో అమెరికా నుంచి వచ్చారు. డాక్టరే అయినా మిషన్ వాళ్ళు ఆమెను మొదట పంపింది వైద్యానికి కాదు. ఆసుపత్రి తెరిచేసరికి 1898 అయింది. 1930లో ఇక్కడే కన్నుమూశారు. ఆమెకు ఆసుపత్రి కట్టడానికే పదిహేనేళ్ళు పడితే, ఇప్పుడు మనవాళ్ళు పదిహేను రోజులు వెళ్ళి, పిల్లలను చుట్టూ నిలబెట్టి ఫొటోలు దిగి, "ఆఫ్రికాలో సేవ చేసి వచ్చాం" అని సాక్ష్యం చెబుతున్నారు. నాకు చాలా బాధగా ఉంటుంది. ఆ పిల్లల్లో ఒక్కరి పేరైనా వాళ్ళకు తెలియదు.

పంపేవాళ్ళ సంగతీ చెప్పాలి. 1903లో మన తెలుగు బాప్టిస్టు సంఘాలు జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పంపాయి, అక్కడికి ఒప్పంద కూలీలుగా వెళ్ళిన తెలుగువాళ్ళ కోసం. 1915లో చనిపోయేదాకా ఆయన సేవ చేశారు. ఆ రోజుల్లో మన సంఘాల్లో ఎక్కువమంది కూలీనాలీ చేసుకునేవాళ్ళే. నన్ను పంపిన సంఘం మాత్రం శాలువా కప్పి, నెలనెలా కానుక పంపుతామని మైకులో చెప్పి, ఐదో నెల నుంచి మానేసింది. అడిగితే "విదేశంలో ఉన్నావు కదమ్మా, నీకేం తక్కువ" అన్నారు. అందుకని ఎవరు, ఎంత, ఎన్నాళ్ళు ఇస్తారో వెళ్ళేముందే కాగితం మీద రాయించుకో. అది విశ్వాసం లేకపోవడం కాదు.

ఇప్పుడే ఆఫ్రికా టికెట్ గురించి టెన్షన్ పడకు. ముందు ఒక ఏడాది అరకు, పాడేరు వైపు వెళ్ళు. కువి మాట్లాడే ఊళ్ళున్నాయి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఊళ్ళున్నాయి. బిడ్డకు మందు ఎలా పట్టాలో ఒక తల్లికి ఆమె భాషలోనే చెప్పగలిగేదాకా అక్కడ ఉండు. ఆ తర్వాత కూడా భారం తగ్గకపోతే నువ్వు వెళ్ళే దేశపు నర్సుల కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌కు కాగితాలు మొదలుపెట్టు, ఆలస్యమవుతుంది. వెళ్ళేది మలావికే అయితే నాకు రాయి. నా చిచేవా నోటుబుక్కులు మూడున్నాయి, పంపిస్తాను.